గోడ కడుతూ వినవలసిన కేక
(రేడియో ప్రసంగ పాఠం)

వాక్యభాగం: నెహెమ్యా 5:1-13

  మీ దగ్గర బైబిలు ఉంటే నెహెమ్యా గ్రంథం అయిదవ అధ్యాయం తెరచి పెట్టుకోండి. అయితే వాక్యంలోకి వెళ్లే ముందు, సంఘ చరిత్రలో నుండి ఒక రాజు సంగతి చెబుతాను. పడిపోయిన దానిని నిలబెట్టాలని జీవితమంతా పాటుపడిన రాజు ఇతడు. మిఖాయేలు అని దేవదూత పేరు పెట్టుకున్నాడు. చరిత్రలో ఇతనిని ఎనిమిదవ మిఖాయేలు పాలియొలొగస్ అంటారు.

రోమా సామ్రాజ్యం పడమట కూలిపోయిన తరువాత కూడా తూర్పున ఇంచుమించు వెయ్యేళ్లు నిలిచింది. దానికే బైజాంటైన్ సామ్రాజ్యం అని పేరు. రాజధాని కాన్‌స్టాంటినోపుల్, అంటే ఈనాటి ఇస్తాంబుల్. పౌలు భక్తుడు పత్రికలు రాసిన ఎఫెసు, కొరింథు, థెస్సలొనీక ఈ సామ్రాజ్యపు ఊళ్లే. అటువంటి మహానగరాన్ని 1204లో దోచుకున్నది ఎవరనుకుంటున్నారు? అన్యజనులు కారు. భుజం మీద సిలువ గుర్తు కుట్టుకొని యెరూషలేముకని బయలుదేరిన పడమటి క్రైస్తవ సైనికులే. నాలుగవ సిలువ యుద్ధం అని చెప్పుకునేది అదే. ఆ సైనికులు దేవాలయాలను కూడా విడిచిపెట్టలేదు. నగరం 57 ఏళ్లపాటు పడమటివారి చేతిలో ఉండిపోయింది.

తప్పించుకున్నవారు సముద్రం దాటి నైసియాలో చిన్న రాజ్యం పెట్టుకున్నారు. 325లో సంఘ పితరులు మహాసభ కూడిన నైసియా అదే. మన ఆరాధన క్రమంలో చెప్పుకునే విశ్వాస ప్రమాణానికి ఆ ఊరి పేరే వచ్చింది. అక్కడ మూడవ యోహాను వతాజెస్ అనే రాజు 1254 వరకు సుమారు 30 ఏళ్లు ఏలాడు. ఇతడు ప్రజలమీద పన్నుల భారం వేయడానికి వెనుకాడేవాడు. తన ఇంటి ఖర్చు తన సొంత పొలాలమీదనే వెళ్లాలన్నాడు. ఆ పొలాల్లో కోళ్లు పెంచించి, గుడ్లు అమ్మిన డబ్బుతో రాణిగారికి కిరీటం చేయించాడట. దానికి గుడ్ల కిరీటం అనే పేరు కూడా ఉండేది. తూర్పు కొండల సరిహద్దులో కాపలా కాసే రైతు సైనికులకు పన్ను లేకుండా భూములు ఉండేవి. ఆ భూములే వాళ్లకు జీతం. వాళ్ల వెనుక ఉన్న దేశం ఏది? ప్రకటన గ్రంథంలో ప్రభువు ఉత్తరాలు పంపించిన ఏడు సంఘాల దేశం. ఎఫెసు, స్ముర్న, సార్దీస్, ఫిలదెల్ఫియ, ఇవన్నీ ఆ కొండల కాపలా వెనుక క్షేమంగా ఉన్నాయి.

యోహాను రాజు పోయాడు. అతని కొడుకు కూడా నాలుగేళ్లకే, 1258లో పోయాడు. సింహాసనం మీద మిగిలింది ఏడేళ్ల పిల్లవాడు. అతని పేరు నాలుగవ యోహాను. పిల్లవానికి సంరక్షకునిగా పెట్టిన మనిషిని, చనిపోయిన రాజు జ్ఞాపకార్థ ఆరాధన జరుగుతుండగానే, దేవాలయంలోనే సైనికులు నరికి చంపారు. అప్పుడు సంరక్షణ మిఖాయేలు చేతికి వచ్చింది. ముప్పయి దాటిన వయసు, గొప్ప వంశం, గొప్ప సేనాని, మాటకారి. పిల్లవానికి కీడు చేయనని ప్రమాణం చేసి, 1259లో అతనితోపాటు తానూ రాజయ్యాడు.

ఆ తరువాత అన్నీ కలిసి వచ్చాయి. 1259లో పెలగోనియా దగ్గర శత్రువుల కూటమిని ఓడించాడు. 1261లో జెనోవా నగరపు వర్తకులతో ఒడంబడిక చేసుకొని ఓడల సహాయం సంపాదించాడు. అదే జూలైలో స్ట్రాటెగోపులస్ అనే సేనానిని కాన్‌స్టాంటినోపుల్ వైపు ఒకసారి చూసి రమ్మని పంపాడు. వెంట ఉన్నది ఎనిమిది వందల మంది అని చెబుతారు. గోడల బయట పొలాలు చేసుకునే రైతులు అతనికి ఒక కబురు చెప్పారు. లోపలి సైన్యం చాలావరకు ఓడలెక్కి నల్ల సముద్రంలోని ఒక దీవి మీదికి వెళ్లిందట. జూలై 25 తెల్లవారేసరికి ఆ కొద్దిమంది లోపల ఉన్నారు. పెద్ద యుద్ధమేమీ లేకుండానే నగరం చేతికి వచ్చింది. దూరంగా దండులో నిద్రపోతున్న మిఖాయేలును అతని అక్క లేపి ఈ సంగతి చెప్పిందట.

ఆగస్టు 15న మిఖాయేలు నగరంలో ప్రవేశించాడు. గుర్రమెక్కి విజయగర్వంతో రాలేదు. మరియమ్మ చిత్రపటాన్ని ముందు నడిపించి, తాను వెనుక కాలినడకన బంగారు ద్వారం గుండా వచ్చాడు. చూసినవారు ఎంత దీనుడు ఈ రాజు అని అనుకొని ఉంటారు. హాగియా సోఫియా అనే పరిశుద్ధ జ్ఞాన దేవాలయంలో అతనికి మళ్లీ పట్టాభిషేకం జరిగింది. కానీ ప్రియులారా, ఆ రోజు ఆ దేవాలయంలో ఒకరు లేరు. అసలు రాజైన ఆ పిల్లవానికి ఆ పట్టాభిషేకంలో చోటు లేదు.

మిఖాయేలు పని మొదలుపెట్టాడు. పనిలో లోపం చూపలేం. కూలిన గోడలు ఎత్తించాడు. ఓడరేవు బాగుచేయించాడు. దేవాలయాలు, మఠాలు, ఆసుపత్రులు మరమ్మతు చేయించాడు. చెదిరిపోయిన జనాన్ని పిలిపించి కాపురాలు పెట్టించాడు. హాగియా సోఫియా మేడమీద రంగురాళ్లతో చేసిన క్రీస్తు చిత్రం ఒకటి ఉంది. ఒక పక్క మరియ, మరొక పక్క బాప్తిస్మమిచ్చు యోహాను నిలిచి మనుష్యుల కోసం వేడుకుంటూ ఉంటారు. కింది భాగం రాలిపోయినా ప్రభువు ముఖం నిలిచింది. ఆ కళ్లల్లో ఎంతో జాలి ఉంటుంది. నగరం తిరిగి వచ్చిన ఆ కాలంలోనే దానిని చేశారని చాలామంది పండితుల అభిప్రాయం.

అదే సంవత్సరం డిసెంబరు 25. క్రీస్తు జన్మదినం. నాలుగవ యోహాను పుట్టినరోజు కూడా అదే. ఆ రోజుకు అతనికి పదకొండేళ్లు నిండాయి. ఆ పండుగనాడు మిఖాయేలు ఆజ్ఞమీద ఆ పిల్లవాని కళ్లు తీసేశారు. అంగహీనుడు రాజుగా ఉండకూడదని ఆ దేశంలో ఒక పద్ధతి ఉండేది. అందుకే చంపలేదు, గుడ్డివానిని చేసి ఒక కోటలో పెట్టారు.

ఎందుకు చేశాడు? మిఖాయేలును అడిగితే కారణాలు చెప్పేవాడే. రాజ్యం బలహీనంగా ఉంది, ఇద్దరు రాజులుంటే చీలిపోతుంది, పడమట శత్రువులు కాచుకొని ఉన్నారు, ఒక్క పిల్లవాని కోసం ఇంతమంది క్షేమం పాడుచేయాలా? ఇందులో భయం అబద్ధం కాదు, ప్రమాదమూ అబద్ధం కాదు. ప్రియులారా, మనం ఎక్కువ అన్యాయం చేసేది అబద్ధపు కారణాలతో కాదు. నిజమైన కారణాలతోనే.

సంఘానికి పెద్దగా ఉన్న ఆర్సేనియస్ అనే గురువు ఈ సంగతి విని ఊరుకోలేదు. రాజును ప్రభువు బల్ల నుండి వెలివేశాడు. నగరాన్ని సాధించి తెచ్చిన రాజు! ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. మిఖాయేలు బ్రతిమాలాడు, బెదిరించాడు. చివరికి 1265లో ఆ గురువునే పదవినుండి తీయించి ప్రవాసానికి పంపించాడు. రెండేళ్ల తరువాత, 1267లో, మరొక గురువు ఎదుట మోకరించి తన పాపం ఒప్పుకొని క్షమాపణ పొందాడు. మోకరించాడు గాని పిల్లవానిని కోటలోనుండి విడిపించలేదు. జనం ఆ తేడా చూశారు. ఆర్సేనియస్ పక్షం వారు సంఘంలోనుండి విడిపోయారు. ఆ చీలిక 1310 వరకు మానలేదు.

ఇక తూర్పు కొండల సంగతి వినండి. 1262లో నైసియా దగ్గరి కొండవాళ్లు ఒక గుడ్డి కుర్రవానిని చూసి, ఇతడే మన యోహాను అని నమ్మి, అతని కోసం తిరగబడ్డారు. అతడు అసలు యోహాను కాడు. కానీ తమకు మేలు చేసిన రాజుగారి మనుమడంటే వాళ్లకు అంత ప్రేమ. సైన్యం వచ్చి అణచివేసింది. అప్పటికే పడమటి యుద్ధాలకు డబ్బు చాలడం లేదు. సరిహద్దు సైనికుల భూముల మీది ఆదాయంలో ఎక్కువ భాగం ఖజానాకు మళ్లించారు. ఆ కాలపు చరిత్రకారుడు పాకిమెరీస్ ఇదంతా రాశాడు. ఈయన నైసియాలో పుట్టి, హాగియా సోఫియాలో పరిచర్య చేసినవాడు. జీతం పోయినవాడు కాపలా ఎందుకు కాస్తాడు? కొందరు వెళ్లిపోయారు, కొందరు అవతలివారితో కలిశారు. బంగారు నాణెంలో కూడా బంగారం తగ్గిందని, పూర్వం 16 పాళ్లున్నది మిఖాయేలు కాలంలో 15 పాళ్లయిందని ఈయనే రాశాడు. ముందు గుమ్మానికి సున్నం వేయడానికి వెనుక దడి పీకి అమ్ముకున్నట్టయింది.

పడమటి శత్రువును ఆపడానికి మిఖాయేలు మరొక ఉపాయం చేశాడు. 1274లో ఫ్రాన్సులోని లియోన్ సభలో తన సంఘాన్ని పోపుగారి అధికారం కిందికి తెస్తానని ఒప్పుకున్నాడు. ఆ ఒప్పందం హృదయంలోనుండి రాలేదు, భయంలోనుండి వచ్చింది. ఒప్పుకోనివారిని చెరసాలలో వేయించాడు. నగరం వచ్చిందని నిద్ర లేపిన అక్కను కూడా విడిచిపెట్టలేదు. చివరికి 1281లో కొత్త పోపు మిఖాయేలునే వెలివేశాడు. సిసిలీ రాజైన ఆంజూ చార్లెస్ దండయాత్రకు ఓడలు సిద్ధం చేసుకున్నాడు. 1282 మార్చి 30న సిసిలీ ప్రజలు ఆ చార్లెస్ మీద తిరగబడ్డారు. దండయాత్ర ఆగింది. సిసిలీవారికి దేవుడు విడుదల ఇచ్చాడని, అది తన ద్వారానే జరిగిందని చెప్పే ధైర్యం చేయవచ్చునని మిఖాయేలు రాసుకున్నాడు. నిజంగా అతడు గెలిచాడు. నగరం మిగిలింది.

అయితే బ్రతుకు చివరి రోజుల్లో అతడు తూర్పున సంగారియస్ నది ప్రాంతం చూడటానికి వెళ్లాడు. ఊళ్లు పాడుపడి ఉన్నాయి. కాపలా లేదు, పంటలు లేవు. చూసి ఎంతో దుఃఖపడ్డాడు. అక్కడ కొత్త కోటలు కట్టించబోయాడు గాని కాలం మించిపోయింది. 1282 డిసెంబరు 11న, మరొక దండయాత్ర దారిలో, ఒక పల్లెలో చనిపోయాడు. పడమటి సంఘం అతనిని వెలివేసి ఉంది. తూర్పు సంఘం అతనికి క్రైస్తవ భూస్థాపన ఇవ్వలేదు. సొంత కొడుకే రాత్రివేళ ఎవరికీ తెలియకుండా మట్టి కప్పించాడు. కాన్‌స్టాంటినోపుల్‌ను తిరిగి తెచ్చిన రాజుకు ఆ నగరంలో సమాధి లేదు.

ఆ తరువాత 1304లో ఎఫెసు పోయింది. 1331లో నైసియా పోయింది. 1390లో ఫిలదెల్ఫియ పోయింది. 1453 మే 29న కాన్‌స్టాంటినోపుల్ కూడా పోయింది.

ఒక్క మాట జాగ్రత్తగా చెప్పాలి. ఒక పిల్లవాని కళ్లు తీసినందుకే దేవుడు సామ్రాజ్యాన్ని కూల్చాడని నేను చెప్పడం లేదు. చరిత్రను అంత తేలికగా చదవకూడదు. 1204లో తగిలిన దెబ్బే చాలా లోతైనది. తూర్పున మంగోలుల ఒత్తిడి వల్ల తురుష్క తెగలు గుంపులుగా పడమటికి కదిలాయి. ఏ రాజుకైనా కష్టమే. కానీ ఇది మాత్రం చెప్పగలను. కష్టం వచ్చిన రోజున ఎవరు నిలబడి కాపలా కాయాలో, వాళ్ల మనసు మిఖాయేలు ముందే విరగ్గొట్టాడు. గోడ ఎత్తాడు, గోడ మీద నిలబడే మనిషిని పోగొట్టుకున్నాడు.

ఇప్పుడు నెహెమ్యా అయిదవ అధ్యాయం చూడండి. నెహెమ్యా కూడా కూలిన నగరాన్ని కట్టడానికి వచ్చినవాడే. అతని చుట్టూ కూడా శత్రువులున్నారు. నాలుగవ అధ్యాయంలో పనివాళ్లు ఒక చేత్తో పని చేస్తూ మరొక చేత్తో ఆయుధం పట్టుకున్నారు. అంతకన్నా తొందర పని ఏముంటుంది? సరిగ్గా అప్పుడే ఒక కేక వినబడింది. శత్రువుల కేక కాదు, సొంత జనుల కేక. కరవులో పొలాలు తాకట్టు పెట్టామని, కొడుకులను కుమార్తెలను దాసత్వానికి ఇచ్చుకోవలసి వచ్చిందని, అప్పిచ్చినవారు మన సహోదరులేనని వాళ్లు మొరపెట్టారు.

నెహెమ్యా ఏమి చెప్పవచ్చు? ముందు గోడ పూర్తి కానివ్వండి, తరువాత చూద్దాం అనవచ్చు. శత్రువు గుమ్మంలో ఉంటే ఇంటి గొడవ ఎందుకనవచ్చు. ఆ మాట అతడు అనలేదు. మొదట కోపపడ్డాడు. తరువాత తనలో తాను ఆలోచించుకున్నాడు. తరువాత పెద్దలను సమాజం ఎదుట నిలబెట్టాడు. పొలాలు, తోటలు, ఇళ్లు, వడ్డీ ఆ దినమే తిరిగి ఇవ్వమన్నాడు. తాను కూడా అప్పిచ్చినవాడినేనని దాచుకోలేదు. పన్నెండేళ్లు అధిపతికి రావలసిన భోజనపు సొమ్ము ముట్టుకోలేదు. గుడ్ల కిరీటం చేయించిన రాజు ఇక్కడ మనకు గుర్తు రావాలి. ఇంతా చేస్తే గోడ ఆలస్యమైందా? తరువాతి అధ్యాయం చూడండి, 52 దినాల్లో గోడ పూర్తయింది.

ప్రియ శ్రోతలారా, మనకు సామ్రాజ్యాలు లేవు. కానీ కట్టవలసినవి ఉన్నాయి. పాతబడిన మందిరం, అప్పుల్లో పడిన ఇల్లు, తగ్గిపోతున్న సంఘం. తిరిగి నిలబెట్టాలనే ఆశ మంచిదే. నా సంగతి ఒకటి ఒప్పుకుంటాను. కొన్నేళ్ల క్రితం నేను కాపరిగా ఉన్న ఒక సంఘంలో పాత మందిరం తీసి కొత్తది కట్టాం. కుటుంబానికి ఇంత కానుక అని నిర్ణయించాం. స్లాబు సమయానికి డబ్బు ఆగిపోయింది. ఆదివారం ఆరాధనలో బాకీ ఉన్నవారి పేర్లు మైకులో చదివాను. నేనే చదివాను. స్లాబు పడింది, ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. ఆ తరువాత గాని నేను గమనించలేదు, కూలి చేసుకొని బ్రతికే ఒక పెద్దమ్మ రావడం మానేసింది. ప్రతి ఆదివారం మొదటి పాట ఎత్తేది ఆమే. ఇంటికి వెళ్లి అడిగాను. "అయ్యగారూ, నా పేరు అట్లా వినబడ్డాక ఆ గడప ఎక్కాలంటే సిగ్గేసింది" అంది. మోకరించి క్షమాపణ అడిగాను. తరువాతి ఆదివారం, ఎక్కడ చదివానో అక్కడే నిలబడి తప్పు ఒప్పుకున్నాను. ఆమె మళ్లీ వస్తోంది. కానీ మునుపటిలా పాట ఎత్తలేదు. ఆ మందిరం చూసినవారు బాగా కట్టారని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఎత్తని ఆ పాట వినబడుతుంది.

అందుకే మిఖాయేలును తీర్పు తీర్చడానికి ఈ చరిత్ర చెప్పలేదు. మనల్ని మనం పరీక్షించుకోవడానికి చెప్పాను. నేను నిలబెడుతున్న దానికోసం ఎవరిని తోసేస్తున్నాను? సంఘం పరువు కోసం ఎవరి నోరు నొక్కాం? ఇంటి పరువు కోసం ఏ కూతురి చదువు ఆపాం? అన్నదమ్ముల ఆస్తి చక్కబెడుతూ ఏ విధవరాలి వాటా కలుపుకున్నాం? వాళ్లు మన ఎదుట ఉండకపోవచ్చు. ఆ పట్టాభిషేకంలో కూడా ఆ పిల్లవాడు లేడు. లేనివారిని లెక్కపెట్టండి.

చివరిగా ఒక్క సంగతి. మిఖాయేలు కొడుకు ఆండ్రొనికస్ రాజైన తరువాత, 1290లో, ఆ కోటకు వెళ్లాడు. గుడ్డివాడైన యోహానుకు అప్పటికి 39 ఏళ్లు. ఇరవై ఎనిమిదేళ్లు చీకటిలో గడిపాడు. తన తండ్రి చేసిన దానికి రాజు అతనిని క్షమాపణ అడిగాడు. పోయిన కళ్లు రాలేదు, పోయిన తూర్పు రాలేదు. అయినా ఆ ప్రయాణం వృథా అని నేను అనలేను. ఆలస్యమైనా వెళ్లాడు. తండ్రి సంఘ పెద్ద ఎదుట మోకరించాడు గాని, గాయపడినవాని దగ్గరకు వెళ్లలేదు. కొడుకు వెళ్లాడు.

ప్రియ సహోదరీ, సహోదరుడా, నీవు వెళ్లవలసిన గుమ్మం ఏది? జక్కయ్య ప్రభువును ఇంట్లో చేర్చుకున్న రోజునే తీసుకున్నది నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ప్రభువు అతనిని రక్షించినది ఆ సొమ్ము చూసి కాదు. కానీ రక్షణ వచ్చిన ఇంటిలో లెక్కలు సరిచేయాలనే మనసు పుట్టింది. గోడ పని ఒక్క రోజు ఆగినా పర్వాలేదు. ఈ రోజే ఆ గుమ్మం దగ్గరకు వెళ్లు.

ప్రార్థన చేసుకుందాం. కృపగల తండ్రీ, మేము కట్టే పనిలో మునిగి చిన్నవారి కేక వినలేదు, మమ్మును క్షమించుము. మేము గాయపరచిన వారి దగ్గరకు వెళ్లే ధైర్యం మాకు దయచేయుము. వారిని నీవే ఆదరించుము. మా సంఘములను, మా ఇళ్లను న్యాయముతో తిరిగి కట్టుము. యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.